కరోనా కాలంలో మన మొహల్లా: అడగని వారిని ఎవరు చూడాలి?

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము బడిలో పాఠం చెప్పేది ఉర్దూలో. అయినా ఈ సంచికను మన ఇళ్ళలోనే కాక, లాల్‌దర్వాజాలో మన గోడకు గోడ ఆనుకొని ఉన్న ఇరుగుపొరుగు ఇళ్ళలో కూడా చదువుతారు గనుక తెలుగులోనే మాట్లాడవలెనని కార్యదర్శిగారు కోరినారు. మధ్య మధ్య మన ఇంటి మాటలు దొర్లితే మన్నించగలరు.

ఈనాటి విషయం, మహమ్మారి రోజుల్లో పట్నం జనం ఎట్లా బతికినారన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2023 మే 5న కరోనా అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించినారు. మూతికి కట్టుకున్న గుడ్డలు ఎప్పుడో చెత్తబుట్టలో పడినవి. "అయిపోయిన కథను మళ్ళీ తవ్వడం దేనికి మాస్టర్ సాబ్?" అని మా మిత్రులొకరు అడిగినారు. తవ్వవలసిన పని ఉన్నది. ఈ పట్నానికి ఇంతకు ముందు వచ్చిన రోగాలు పోతూ పోతూ ఏదో ఒక ఏర్పాటును వదిలిపోయినవి. ఈ రోగం మన గల్లీలో ఏమి వదిలింది? ఇదే ఇవాళ మన ముందున్న ప్రశ్న.

పాత సంగతులు కొంచెం చెప్పుకుందాము. 1591లో చార్మినార్ కట్టింది తాఊన్ తొలగినందుకేనని మన ముసలివాళ్ళు చెప్పేవారు. చరిత్రకారులు అందరూ దీనిని ఒప్పుకోరు, కాని జనం నాలుక మీద ఆ కథ నిలిచింది. మన పక్క వీధిలో ఏటేటా జరిగే బోనాలు కూడా 1813లో జంటనగరాలలో గత్తర వచ్చి జనం రాలిపోయినప్పటి మొక్కుబడి నుండి పెరిగినవని చెప్పుకుంటారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగినప్పుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ లాల్‌దర్వాజా అమ్మవారి పేర పూజలు చేయించినాడని ఇక్కడివారు ఈనాటికీ చెబుతారు. అనగా మనం నిలబడిన ఈ నేలకు ఆపద కొత్త కాదు, ఆపదలో ఒకరి గడప ఒకరు తొక్కడమూ కొత్త కాదు.

మూసీ వరద తరువాత 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయినవి. 1911లో ప్లేగు వచ్చింది. ఎలుకలు చచ్చి పడుతుంటే జనం ఇండ్లకు తాళాలు వేసి ఊరి బయట మైదానాలలో గుడారాలు వేసుకున్నారు. వరద, ప్లేగు రెండూ కలిసి నేర్పిన పాఠంతో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడి, గాలి వెలుతురు లేని ఇరుకు బస్తీలను తీసివేసి రోడ్లు, మోరీలు, ఇండ్లు కట్టించింది. 1915లో అంటురోగుల కోసం వేరుగా ఒక దవాఖానా మొదలైంది. క్వారంటైన్ అనే మాట మన నోట పలకక "కోరంటి" అయింది. నల్లకుంటలోని ఫీవర్ హాస్పిటల్‌ను పెద్దవాళ్ళు ఈనాటికీ కోరంటి దవాఖానా అనే అంటారు. దానికి పెట్టిన పేరు సర్ రొనాల్డ్ రాస్‌ది. దోమ కడుపులో మలేరియా క్రిమిని 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే కనిపెట్టిన డాక్టరు ఆయన.

చూడండి, వరద పోయింది, చెరువులు మిగిలినవి. ప్లేగు పోయింది, రోడ్లూ దవాఖానా మిగిలినవి.

ఇక మన కాలానికి వస్తే, తెలంగాణలో మొదటి కరోనా కేసు 2020 మార్చి 2న బయటపడింది. మార్చి 22న జనతా కర్ఫ్యూ. 24 రాత్రి దేశమంతా లాక్‌డౌన్ ప్రకటించినారు. సాయంత్రం 7 గంటల నుండి ఉదయం 6 దాకా కర్ఫ్యూ. సౌదాకు పోవాలన్నా ఇంటి నుండి 3 కిలోమీటర్లు దాటరాదన్నారు. రేషను దుకాణం ముందు సున్నంతో గుండ్రాలు గీసి, ఒక్కొక్క గుండ్రంలో ఒక్కొక్కరు నిలబడవలెనన్నారు. అందరూ చెప్పింది ఒక్కటే మాట, ఇంట్లో ఉండండి, దూరంగా ఉండండి, చేతులు కడగండి.

మంచి మాటే. కాని మన ఇళ్ళేమో రెండు గదులు, ఒక వరండా. దానిలో నానీమా, నానా, అన్నదమ్ములు, కోడళ్ళు, పిల్లలు. నల్లా వచ్చేది దినం విడిచి దినం. ఇంట్లో ఒకరికి జ్వరం వస్తే వేరే గది ఎక్కడిది? అయినా మన ఆడవాళ్ళు దారి తీసినారు. ఒక ఇంట్లో మేడ మీద రేకుల కింద మంచం వేసి, మెట్ల మీద పళ్ళెం పెట్టి దిగివచ్చేవారు. ఇంకొక ఇంట్లో పాత చీర అడ్డం కట్టి ఒకే గదిని రెండు చేసినారు. చేతులు కడిగిన నీళ్ళు బకెట్లో పట్టి మోరీకి వాడుకున్నారు. దర్జీలు మిగిలిన గుడ్డముక్కలతో మూతిగుడ్డలు కుట్టి గల్లీకంతా పంచినారు. దీనినెవరూ బడిలో నేర్పలేదు.

ఆ ఏడు ఏప్రిల్ 25న రంజాన్ మొదలైంది. మసీదులో నలుగురైదుగురే. తరావీహ్ ఇంట్లోనే. హలీం తయారీదారులు ఆ ఏడు బట్టీలు వెలిగించరాదని తీర్మానించుకున్నారు. మే 25న ఈద్ నమాజుకు మీర్ ఆలం ఈద్‌గాహ్ బోసిపోయింది. మసీదు మూయడమేమిటని బాధపడిన బుజుర్గులున్నారు. రోగమున్న ఊరికి పోరాదనీ, తామున్న ఊరిలో రోగముంటే బయటికి పోరాదనీ మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారి బోధన ఉన్నదని, హజ్రత్ ఉమర్ (రజి) వారు షామ్ దేశపు పొలిమేర దాకా పోయి తాఊన్ వార్త విని వెనుదిరిగినారని ఇమాం సాహెబు మైకులో చెప్పిన తరువాత వారు శాంతించినారు. జులైలో బోనాలు వచ్చినవి. పక్కింటి అక్క బోనం తన ఇంటి దేవుని ముందే దించింది. మా నమాజు మా ఇంట్లో, వారి బోనం వారింట్లో. ఆ ఏడు లాల్‌దర్వాజాలో పోతరాజు చప్పుడు వినక మా పిల్లలు కూడా దిగులు పడినారు.

సోదరులారా, ఇదంతా ఇబ్బందే కాని తట్టుకోగల ఇబ్బంది. తట్టుకోలేనిది వేరే ఉన్నది. అది కడుపు సంగతి.

ప్రభుత్వం తెల్లకార్డున్న ఇంటికి మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 రూపాయలు ఇచ్చింది. దానధర్మాలు చేసేవారూ ముందుకొచ్చినారు. ఆటోలో పొట్లాలు వచ్చేవి. చేయి చాచినవారికి దొరికేవి. కొందరికి రెండు మూడు సార్లు కూడా దొరికినవి. తప్పు పట్టడం లేదు, ఆకలికి సిగ్గు లేదు. కాని సిగ్గు ఉన్న ఇళ్ళున్నవే! మన ఉర్దూలో సఫేద్‌పోష్ అంటాము. తొడిగిన బట్ట తెల్లగానే ఉంటుంది, లోపల పొయ్యి మాత్రం చల్లగా ఉంటుంది. వారు ఆటో చప్పుడు వింటే తలుపు ఇంకొంచెం దగ్గరగా వేసుకునేవారు.

ఎవరు వీరు? రంజాన్ నెల సంపాదనతో ఏడాదంతా గడిపే దర్జీ. లాడ్‌బజార్ గాజుల దుకాణంలో గుమాస్తా. షాదీఖానాలో వంట వండే బావర్చీ. కార్చోబ్ పని చేసే విధవరాలు, సేఠ్ గుడ్డ ఇవ్వడం మానినాడు, ఇంట్లో మగ్గం ఖాళీగా నిలబడింది. ప్రైవేటు బడి పంతులు. మా వృత్తివాడే గనుక ఈయన సంగతి కొంచెం చెప్తాము. బడి మూసిన నెల నుండి జీతం బంద్. కొన్నాళ్ళకు ఆయన తోపుడుబండి మీద కూరగాయలు పెట్టుకున్నాడు. మన మొహల్లాలో కాదు, మూసీ అవతల, తననెవరూ "సర్" అని పిలవని చోట. అక్కడ కూడా ఒకనాడు పాత శిష్యుడొకడు గుర్తుపట్టి సలాం చేస్తే, తూకం వేస్తున్న చేయి వణికిందని తరువాత మాతో చెప్పినాడు. ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రభుత్వం ఇచ్చింది నిజమే, కాని అది 2021 ఏప్రిల్ నుండి. ఆలోగా ఒక ఏడాది గడిచిపోయింది.

ఇటువంటి ఇళ్ళను గుర్తించిందెవరో తెలుసునా? పెద్ద పెద్ద సంస్థలు కావు. మా గల్లీ కిరాణా సేఠ్. ఆయన మన మతంవాడు కాదు. కాని ఏ ఇంట్లో ఎంత నూనె ఖర్చవుతుందో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఒకనాడు మా కుర్రవాళ్ళను పిలిచి, "ఫలానా ఇంటివాళ్ళు రోజూ పావుకిలో నూనె, అరపావు చాయ్‌పత్తా తీసుకపోయేటోళ్ళు. వారమైంది వస్తలేరు. ఖాతాలో బాకీ ఉన్నది, అందుకే మొహం చాటేస్తున్నరు. జర చూడండి బాబూ" అన్నాడు. కుర్రవాళ్ళు ఆలోచించి పొట్లాలు కట్టడం మానేసినారు. చందా డబ్బు తెచ్చి సేఠ్ దగ్గర ఖాతాలలో జమ కట్టినారు. సేఠ్ మనిషిని పంపి, "మీ లెక్క చుక్తా అయింది, సామాను తీసుకపొమ్మన్నడు" అని కబురు చేసేవాడు. ఎవరు కట్టినారో ఆ ఇంటికి తెలియదు. ఫోటో లేదు, బ్యానర్ లేదు. ఎవరి తలా వంగలేదు. కరోనా కాలంలో మన మొహల్లాలో జరిగిన పనులలో ఇంతకన్నా గొప్ప పని మాకు కనిపించలేదు.

రెండవది రోగం దాచిపెట్టడం. 2020 మార్చి చివర ఢిల్లీ నిజామొద్దీన్ వార్తలు వచ్చినంక, రోగానికి కూడా మతం అంటగట్టినారు. తోపుడుబండివాణ్ణి పేరడిగి కూరగాయలు కొన్నవారున్నారు. తబ్లీగ్ సభకు వచ్చిన విదేశీయుల మీది కేసులను బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు బెంచి 2020 ఆగస్టులో కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేసినట్టున్నదని చెప్పింది. కాని ఆ తీర్పు వచ్చేనాటికి భయం మనసులో పాతుకపోయింది. జ్వరం వస్తే చెప్పరు. చెప్తే గాంధీ దవాఖానాకు తీసుకపోతారు, ఇంటి ముందు కర్రలు కడతారు, గల్లీలో పేరు పోతుంది. ఈ దాపరికం రోగం కన్నా ఎక్కువ నష్టం చేసింది.

2021 ఏప్రిల్, మే నెలలు తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అప్పుడూ రంజానే. మన దగ్గర ప్రాణవాయువు చాలక ఖాళీ ట్యాంకర్లను సైనిక విమానాలలో ఒడిశాకు పంపి నింపుకురావలసి వచ్చింది. మే 12న మళ్ళీ లాక్‌డౌన్, ఉదయం 6 నుండి 10 దాకా మాత్రమే సడలింపు. ఈద్ 14న. ఆ నాలుగు గంటలలోనే సేమ్యాలు కొనాలి, మందులు కొనాలి, మయ్యత్ కూడా లేపాలి. అప్పుడు గల్లీలో తిరిగినవి రెండే రెండు ఆక్సిమీటర్లు. కుర్రవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి వేలికి తొడిగి, అంకె నోటుబుక్కులో రాసేవారు. 94 కన్నా తగ్గితే ఇక ఇంట్లో ఉంచరాదని డాక్టరుగారు చెప్పినారు. ఆ మాట పట్టుకొని బతిమాలి, కోప్పడి దవాఖానాకు పంపినారు. ఆ నోటుబుక్కు వల్ల నిలిచిన ప్రాణాలున్నవి. ఏ.ఎన్.ఎం., ఆశా అక్కలు మందుల పొట్లాం పట్టుకొని ఇంటింటి జ్వరం సర్వేకు వచ్చినప్పుడు తలుపు తీయని ఇళ్ళ ముందు మన ఖాలా ఒకామె నిలబడి, "బేటీ, నేనున్నాను, తలుపు తీయి" అని తీయించింది. పంపినది ప్రభుత్వమే గాని తలుపు తీయించింది పొరుగు గొంతు.

పోయినవారిని గూర్చి ఎక్కువ చెప్పలేము. ఈ సభలోనే తండ్రిని పోగొట్టుకున్నవారున్నారు. ఒక ఖబ్రస్తాన్‌లో చోటు లేదన్నారు, ఇంకొక చోట భయపడి గేటు మూసినారు. ప్లాస్టిక్ దుస్తులు తొడిగి దఫన్ చేసిన మన కుర్రవాళ్ళు, కొడుకులు దూర దేశంలో చిక్కుకపోయిన ఒక పొరుగు పెద్దాయన పాడెను కూడా మోసినారు. అల్లాహ్ వారందరికీ మేలు చేయుగాక.

ఇప్పుడు కాగితాల సంగతి. కరోనాతో చనిపోయినవారి కుటుంబానికి 50,000 రూపాయలు ఇవ్వాలన్న ఏర్పాటుకు సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ఆమోదం తెలిపింది. మరణ పత్రంలో కరోనా అని రాయలేదన్న ఒక్క కారణం చూపి కాదనరాదని కూడా చెప్పింది. కాని పరీక్ష చేయించిన కాగితమో, దవాఖానా చిట్టీయో ఏదో ఒకటి ఉండాలి కదా! రోగం దాచిపెట్టి ఇంట్లోనే కన్నుమూసినవారికి ఏ కాగితమూ లేదు. మీసేవా ముందు ఉత్త చేతులతో నిలబడి తిరిగివచ్చిన విధవరాళ్ళను మేము ఎరుగుదుము. బతికుండగా అడగలేదు, పోయినంక అడిగితే రుజువు లేదు.

ఇక మా బడి. 2020 మార్చిలో మూతపడింది. పదవ తరగతి పరీక్షలు మధ్యలో ఆగి, జూన్‌లో రద్దయి, అందరినీ పాసు చేసినారు. సెప్టెంబరు 1 నుండి యాదగిరి దూరదర్శన్‌లో, టీశాట్‌లో పాఠాలు. ఇంట్లో ఫోను ఒకటే, అది నాన్న పనికి పోతే ఆయన జేబులో పోతుంది. నలుగురు పిల్లలు, నాలుగు తరగతులు. మేము పంతుళ్ళము ప్రశ్నలు చేతితో రాసి, జిరాక్సు తీసి ఇళ్ళకు పంచినాము. 2021 ఫిబ్రవరిలో పెద్ద తరగతులు తెరచి, మార్చిలో మళ్ళీ మూసినారు. సెప్టెంబరు 1న అందరికీ తెరిచిననాడు హాజరు పట్టీలో పేర్లున్నవి, బెంచీల మీద పిల్లలు లేరు. ఒకడు మెకానిక్ షెడ్డులో, ఒకడు గాజుల కార్ఖానాలో. లెక్కలలో మొదటి మార్కు వచ్చే అమ్మాయికి నిఖా అయిపోయింది. కరోనా నిఖాలలో ఖర్చు తగ్గిందని మనమందరం సంతోషించినాము, యాభై మందితో పెళ్ళి చేయవచ్చునని తెలిసింది. కాని ఆ చవక పెళ్ళిలో ఎందరు అమ్మాయిల చదువు పోయిందో ఎవరూ లెక్క కట్టలేదు. ఖర్చు తగ్గించుకోవడం మంచి అలవాటు, నిలుపుకోండి. వయసు తగ్గించవద్దు.

ఇప్పుడు అసలు మాటకు వస్తున్నాము. 2020 ఏప్రిల్‌లో కుర్రవాళ్ళు తయారుచేసిన ఇళ్ళ జాబితా ఏమైంది? అది వారి ఫోన్లలో ఉండేది. అక్టోబరు 13 రాత్రి కుండపోత వాన పడి, ఫలక్‌నుమా, హాఫిజ్ బాబా నగర్ వైపు ఇళ్ళు నీట మునిగినప్పుడు ఆ జాబితా కోసం వెతికితే దొరకలేదు. ఒకరి ఫోను పోయింది, ఒకరు పని వెతుక్కుంటూ వేరే ఊరికి పోయినారు. మళ్ళీ మొదటి నుండి. 2021 ఏప్రిల్‌లో మూడవసారి మొదటి నుండి. ప్రతిసారీ మొదటి వారం, పది రోజులు "ఎవరింట్లో ఎవరున్నారు" అని తెలుసుకోవడానికే పోయినవి. ఆ పది రోజులే ప్రాణాలు పోయే రోజులు. రోగం వచ్చినాక పొరుగువారిని తెలుసుకోవడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే.

కాబట్టి సంఘం ముందు నాలుగు మనవులు ఉంచుతున్నాము.

మొదటిది, గల్లీకొక పుస్తకం. ఫోనులో కాదు, అట్ట వేసిన పుస్తకం. ఏ ఇంట్లో ముసలివారున్నారు, ఎవరికి షుగరు, ఎవరికి దమ్ము, ఏ ఇంటికి రోజుకూలి ఆధారం, ఏ పిల్లలు ఏ బడిలో ఉన్నారు. ఇద్దరి దగ్గరే ఉండాలి, వారిలో ఒకరు ఆడవారై ఉండాలి. ఏడాదికి రెండుసార్లు సరిచూడాలి. అన్ని మతాల ఇళ్ళూ అందులో ఉండాలి, మహమ్మారి ఇంటి నంబరు చూస్తుంది గాని పేరు చూడదు.

రెండవది, కిరాణా ఖాతా నిధి. సాధారణ రోజుల్లోనే కొంత డబ్బు వేరుగా పెట్టాలి. ఇచ్చే చేయి, తీసుకునే చేయి ఒకదానినొకటి చూడకుండా, సేఠ్ చేసినట్టే చేయాలి. ఫోటో తీయరాదని నియమాలలో రాసుకోవాలి.

మూడవది, ఒక పెట్టె. ఆక్సిమీటర్లు, థర్మామీటరు, బి.పి. మిషను, బస్తీ దవాఖానా నంబరు, దానితోపాటు ప్రతి ఇంటి ఆధార్, రేషన్‌కార్డు, దవాఖానా చిట్టీలు భద్రపరచుకోమని ఏడాదికోసారి గుర్తుచేసే ఒక మనిషి.

నాలుగవది, బడి మానిన పిల్లల కోసం. పదిరోజులు హాజరు లేని పిల్లవాని పేరు మేము పంతుళ్ళము సంఘానికి తెలియజేస్తాము. సంఘంవారు ఇద్దరు ఆ ఇంటికి పోయి చాయ్ తాగి, కారణం కనుక్కొని రావాలి. మందలించవద్దు. సగం పిల్లలు దీనితోనే తిరిగివస్తారని మా అనుభవం.

వీటికి లక్షల రూపాయలు అక్కరలేదు. వచ్చే రోగం ఎప్పుడు వస్తుందో మనకు తెలియదు, అది అల్లాహ్‌కే తెలుసు. రోగమే రానక్కరలేదు, ఒక వరద, ఒక గొడవ, ఒక ఇంటి పెద్ద మంచాన పడటం చాలు. అడిగినవారికి ఇవ్వడం దానం, మంచిదే. అడగనివారి తలుపు దగ్గరకు, వారి మానం పోకుండా చేరగలగడం పొరుగు ధర్మం. దానికి ముందుగా ఆ తలుపు వెనక ఎవరున్నారో తెలిసి ఉండాలి. వెనకటి తరంవారు మనకు చెరువులు, దవాఖానా విడిచిపోయినారు. మనం కనీసం ఒక పుస్తకమైనా విడిచిపోదాము.

మా మనవులను కార్యవర్గం ఈ ఏడే చర్చకు పెట్టవలెనని కోరుతూ, మొదటి గల్లీ పుస్తకం రాయడానికి మా బడి పంతుళ్ళము ఆదివారాలు వస్తామని మాట ఇస్తున్నాము.